గ్రామ ఆరోగ్య కార్యకర్త ఎవరికి జవాబుదారు? : జామ్‌ఖేడ్, గడ్చిరోలి అనుభవాల పరిశీలన

వ్యాస సంగ్రహం:
మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్, గడ్చిరోలి ప్రాంతాలలో స్వచ్ఛంద వైద్యుల చొరవతో రూపొందిన గ్రామీణ ఆరోగ్య వ్యవస్థలు మన దేశపు ఆరోగ్య విధానాన్ని ప్రభావితం చేశాయి. నేటి ‘ఆశా’ కార్యకర్త వ్యవస్థకు మూలాలను అక్కడ గుర్తించవచ్చు. ఆ రెండు చోట్ల గ్రామ స్త్రీ ఆరోగ్య కార్యకర్తగా ఎలా తయారైంది, ఆమె పని దేశవ్యాప్త పథకంగా మారినప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్న అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గ్రామీణ ఆరోగ్యం, జామ్‌ఖేడ్, గడ్చిరోలి, నవజాత శిశు సంరక్షణ, ఆశా కార్యకర్త, జవాబుదారీతనం.

1. ప్రవేశిక

తెలుగునాట ప్రజారోగ్యాన్ని గురించిన చర్చ ఎక్కువగా ఆసుపత్రి చుట్టూ, ఆసుపత్రికి చేర్చే వాహనం చుట్టూ తిరుగుతుంది. 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఇందుకు కారణం కావచ్చు. ఈ రెండింటి ప్రయోజనాన్ని కాదనవలసిన పని లేదు. అయితే అంబులెన్సు రావాలంటే ముందుగా ఎవరో ఒకరు ఫోను చేయాలి. అంతకంటే ముందు ఇంట్లో ఉన్న మనిషికి వచ్చింది ప్రమాదమని ఎవరో ఒకరు గుర్తించాలి. మూడు రోజుల పసికందు పాలు తాగడం మానేస్తే అది దిష్టి కాదనీ, గంటలలో ప్రాణం తీయగల జబ్బనీ చెప్పగలిగిన మనిషి ఆ వీధిలోనే ఉండాలి. ఇంటి గడపకూ అంబులెన్సు తలుపుకూ మధ్య ఉన్న ఈ కొద్దిపాటి దూరాన్ని గురించి మన విద్యాలోకంలో జరిగిన చర్చ తక్కువ.

ఆ దూరాన్ని పూరించే ప్రయత్నాలలో జామ్‌ఖేడ్, గడ్చిరోలి ప్రయోగాలకు విశిష్ట స్థానం ఉంది. రెండూ మరాఠీ నేల మీద జరిగినవే. కానీ గడ్చిరోలి మనకు దూరం కాదు. ఆ జిల్లా దక్షిణపు కొస సిరొంచ తాలూకా. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట కాళేశ్వరానికి ఆవలి ఒడ్డున ఉన్న ఆ తాలూకాలో తెలుగు ఇళ్లలో మాట్లాడే భాష. అక్కడి గోండు గూడేలకూ ఇవతలి ఆసిఫాబాద్, భూపాలపల్లి అడవులలోని గూడేలకూ మధ్య ఉన్నది ఒక నది మాత్రమే.

2. జామ్‌ఖేడ్: బయటి నర్సు నుండి ఊరి స్త్రీ వరకు

రజనీకాంత్ ఆరోళే, మేబెల్ ఆరోళే దంపతులు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదువుకొన్న వైద్యులు. అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్) జిల్లాలోని వడాలా మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పని చేశారు. నయం చేసి పంపిన పిల్లవాడే కొన్ని నెలలకు అదే జబ్బుతో తిరిగి రావడం వారిని ఆలోచింపజేసింది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కార్ల్ టేలర్ వద్ద ప్రజారోగ్యం అధ్యయనం చేసి వచ్చి, 1970లో అదే జిల్లాలో కరువు ప్రాంతమైన జామ్‌ఖేడ్‌లో సమగ్ర గ్రామీణ ఆరోగ్య ప్రాజెక్టును ప్రారంభించారు. ఊరివారు వారికి చూపిన తొలి వసతి పాత పశువైద్యశాల.

ఈ ప్రాజెక్టును చాలామంది దాని విజయంతో మొదలుపెట్టి వర్ణిస్తారు. దాని తొలి వైఫల్యంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆరోళే దంపతులు మొదట వేసుకొన్న ప్రణాళికలో గ్రామ స్త్రీ లేదు. శిక్షణ పొందిన సహాయక నర్సులను (ఎ.ఎన్.ఎం.లను) గ్రామాలలో నివాసం ఉంచాలని వారు భావించారు. కానీ బయటి నుండి వచ్చిన యువతికి ఊళ్లో ఒంటరిగా ఉండడం కష్టమైంది. ఆమె మాటను అత్తగార్లు లెక్కచేయలేదు. కాన్పు గురించి, పాలివ్వడం గురించి పెళ్లికాని చదువుకొన్న పిల్ల చెబితే వినే ఇల్లు ఏ పల్లెలోనైనా అరుదే. నర్సుకు తెలిసిన విషయంలో తప్పు లేదు. చెప్పే మనిషికీ వినే మనిషికీ మధ్య సంబంధం లేదు. ఊరి స్త్రీనే ఎందుకు తయారు చేయకూడదన్న సూచన గ్రామ పెద్దల నుండే వచ్చింది.

అలా గ్రామాలు ఎంపిక చేసి పంపిన స్త్రీలలో ఎక్కువమంది నడివయసు వారు, పిల్లల తల్లులు, అక్షరం రానివారు. దళిత స్త్రీలు గణనీయంగా ఉన్నారు. వారి శిక్షణ విధానం ప్రత్యేకించి గమనించదగినది. ఒక విడత శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం చేతికిచ్చి పంపే పద్ధతి అక్కడ లేదు. వారానికొకసారి జామ్‌ఖేడ్ రావాలి, రాత్రి ఉండాలి, ఆ వారం తన ఊళ్లో జరిగినది చెప్పాలి. ఎవరి బిడ్డకు విరేచనాలు పట్టుకొన్నాయి, ఉప్పు-చక్కెర నీళ్లు పట్టమంటే అత్త ఏమన్నది, ఏ గర్భిణి కాళ్లు వాచాయి, ఎవరి వీపు మీద స్పర్శ లేని మచ్చ కనబడింది అన్నవే అక్కడి పాఠాలు. వైద్యుడు ఒక విషయం చెబుతాడు. మరో ఊరి కార్యకర్త అదే చిక్కును తాను ఎలా దాటిందో చెబుతుంది. వేర్వేరు కులాల స్త్రీలు కలిసి తిని, ఒకే కప్పు కింద పడుకొనే ఆ రాత్రి కూడా శిక్షణలో భాగమే. మొదట్లో అది అంత తేలికగా జరగలేదు. ఈ వారపు కలయిక కొన్ని నెలలతో ముగియలేదు; ఏళ్ల తరబడి సాగింది.

ఆమె వెనుక రెండు అంచెలు ఉండేవి. నర్సు, సామాజిక కార్యకర్తలతో కూడిన సంచార బృందం నిర్ణీత వ్యవధిలో ఊరికి వచ్చేది. వైద్యుని వలె వచ్చి పరీక్షించి వెళ్లడం దాని పని కాదు. కార్యకర్త గుర్తించిన రోగిని చూసి, ఊరి ఎదుట ఆమె మాటకు బలం ఇవ్వడం దాని పని. కష్టమైన కేసులు జామ్‌ఖేడ్ ఆసుపత్రికి వెళ్లేవి. కొద్ది గ్రామాలతో మొదలైన ఈ అల్లిక క్రమంగా 70 గ్రామాలకు, ఆ తరువాత అంతకు ఎన్నో రెట్లకు విస్తరించింది.

ఆరోగ్యం అనే మాటను జామ్‌ఖేడ్ విశాలార్థంలో తీసుకొన్నది. 1972 నాటి కరువులో ప్రజలు అడిగినవి మందులు కావు; నీళ్లు, తిండి. బోరుబావుల తవ్వకం, పిల్లలకు సామూహిక భోజనం ప్రాజెక్టు పనులైనాయి. చేతి పంపులను వీలైన చోటల్లా దళిత వాడలో వేయించారు. దాహం వేసినవాడు నీళ్లున్న చోటికే పోవాలి కదా. అంటరానితనం గురించి ఉపన్యాసం ఇవ్వకుండానే పంపు పని చేసింది. పురుషులకు రైతు మండళ్లు, స్త్రీలకు మహిళా మండళ్లు ఏర్పడ్డాయి. కార్యకర్తను ఎన్నుకొనేది, అవసరమైతే నిలదీసేది, ఆమెకు అండగా నిలిచేది ఆ మండళ్లే. ఆమె ప్రాజెక్టు ఉద్యోగి కాదు, ఊరి మనిషి.

3. ఫలితాలను ఎలా చదవాలి?

ప్రాజెక్టు లెక్కల ప్రకారం 1971లో ఆ గ్రామాలలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు 176 మంది శిశువులు ఏడాది నిండకుండానే మరణించేవారు. 1990ల నాటికి ఆ సంఖ్య 30కి లోపు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో ప్రచురించిన ‘హెల్త్ బై ది పీపుల్’ అనే సంకలనంలో జామ్‌ఖేడ్‌పై ఒక అధ్యాయం ఉంది. 1978 నాటి ఆల్మా-ఆతా ప్రకటనకు ముందు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ అన్న భావనకు రూపమిచ్చిన ఉదాహరణలలో అది ఒకటి. 1979లో ఆరోళే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

పరిశోధకులు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. అదే కాలంలో మహారాష్ట్ర అంతటా శిశుమరణాలు తగ్గాయి. రోడ్లు వచ్చాయి, టీకాలు వచ్చాయి, ఆడపిల్లలు బడికి వెళ్లారు. జామ్‌ఖేడ్‌లో తగ్గినదంతా ప్రాజెక్టు ఖాతాలో వేయడం శాస్త్రీయం కాదు. పోల్చి చూడడానికి వేరే గ్రామాల లెక్కలు మొదటినుండీ సేకరించలేదు. ఈ లోటును కొంతమేరకు పూరించినది 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన ఒక అధ్యయనం. ప్రాజెక్టు గ్రామాలను, సమీపంలోని ఇతర గ్రామాలను వెనుదిరిగి పోల్చి చూసిన ఆ అధ్యయనం కులం, మతం, తల్లిదండ్రుల అక్షరాస్యత, ఆర్థిక స్థితి వంటి తేడాలను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా ప్రాజెక్టు గ్రామాలలో చిన్నపిల్లల మరణాల ముప్పు సుమారు 30 శాతం తక్కువగా ఉందని తేల్చింది. 176 నుండి 30కి పడిపోవడం అన్నంత అబ్బురమైన సంఖ్య కాదిది. కానీ నమ్మదగిన సంఖ్య.

4. గడ్చిరోలి: పూసలతో లెక్క, చేతిలో సూది

1982లో చంద్రపూర్ నుండి విడిపోయి ఏర్పడిన జిల్లా గడ్చిరోలి. అడవి, గోండు గూడేలు, వానాకాలంలో తెగిపోయే దారులు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో అక్కడ ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు. వీరూ జాన్స్ హాప్‌కిన్స్‌లో చదివినవారే. జామ్‌ఖేడ్‌తో పోల్చితే వీరి మార్గంలో ఒక స్పష్టమైన భేదం ఉంది. ప్రతి అడుగునూ కొలిచి, పోలిక గ్రామాలతో సరిచూసి, ప్రపంచం ముందు రుజువుగా పెట్టాలన్నది వీరి పట్టుదల. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వారి అధ్యయనం రెండు గ్రామాలలోని 650 మంది స్త్రీలను పరీక్షించి, వారిలో 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులు ఉన్నాయనీ, అంతకుముందు పరీక్ష చేయించుకొన్నవారు 8 శాతమేననీ చూపింది. గ్రామీణ స్త్రీ ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ మాత్రమే అనుకొంటున్న విధానకర్తలకు ఆ సంఖ్య ఒక దెబ్బ.

పిల్లల న్యుమోనియా విషయంలో వారు ఎదుర్కొన్న సమస్య చాలా చిన్నదిగా కనిపిస్తుంది. జబ్బును గుర్తించే తేలిక మార్గం శ్వాసను లెక్కించడం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60, అంతకు పైబడిన శిశువు 50 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అనుమానించాలి. కానీ ఊరి మంత్రసానికి పన్నెండు దాటి లెక్క రాదు. అందుకు వారు పూసలతో ఒక పరికరాన్ని రూపొందించారు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక గడియారంలో నిమిషం గడిచేలోపు పూసలు అయిపోతే అది న్యుమోనియా. మంత్రసానికి లెక్కలు నేర్పాలని ఎవరూ పట్టుబట్టలేదు. ఆమెకు వచ్చిన లెక్కలోకే జబ్బును దించారు. నిరక్షరాస్యతను అజ్ఞానంగా చూడని దృష్టి జామ్‌ఖేడ్‌లోనూ గడ్చిరోలిలోనూ సమానంగా కనిపించేది ఇక్కడే.

నవజాత శిశువుల విషయంలో చేసిన పని మరింత సాహసోపేతమైనది. 1995-96లో వారు 763 మంది నవజాత శిశువులను ఇళ్లలోనే పరిశీలించారు. కాన్పులలో 95 శాతం ఇంట్లోనే జరిగాయి. పుట్టినవారిలో 42 శాతం తక్కువ బరువువారు. వైద్యం అవసరమైన స్థితి 54 శాతం మందిలో కనిపించింది. నిజంగా వైద్యం అందినది 2.6 శాతానికి. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అగాధమే గ్రామీణ నవజాత మరణాల అసలు కథ. బాలింత, పసికందు పురిటి గదిలో ఉండగా బయటివారు లోపలికి వెళ్లరు. బిడ్డను బయటికి తేరు. బిడ్డ జబ్బు పడడం, మరణించడం కూడా ఆ గదిలోనే ముగిసిపోతాయి.

ఆ గదిలోకి వెళ్లగలిగినది ఊరి స్త్రీ. కొద్దిపాటి చదువున్న స్త్రీలను ఎంపిక చేసి ‘ఆరోగ్యదూత’లుగా తయారు చేశారు. కాన్పు సమయంలో హాజరు కావడం, బిడ్డను తూచడం, ఒళ్లు చల్లబడకుండా కప్పి ఉంచడం, ఊపిరి తీయని బిడ్డకు సంచీ-మాస్కు సాధనంతో శ్వాస అందించడం, తల్లిపాలు పట్టించడం, ప్రమాద చిహ్నాలు కనిపించిన బిడ్డకు ‘సెప్సిస్’ అని అనుమానించి, తల్లిదండ్రుల అంగీకారంతో జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం వారి పని. ఈ చివరి మాట దగ్గర వైద్యలోకం ఉలిక్కిపడింది. పల్లెటూరి స్త్రీ రోజుల బిడ్డకు సూది వేయడమా అన్న ప్రశ్న సహజమైనదే. దానికి బంగ్ దంపతులు చూపిన సమాధానం ఫలితాలు. 39 గ్రామాలలో కార్యక్రమం, 47 పోలిక గ్రామాలు. కార్యక్రమ గ్రామాలలో నవజాత మరణాల రేటు వెయ్యికి 62 నుండి 25కి తగ్గింది. పోలిక గ్రామాలతో సరిచూస్తే తగ్గుదల 62 శాతం. సెప్సిస్ సోకిన బిడ్డలలో మరణించేవారి శాతం 16.6 నుండి 2.8కి దిగింది. 1999 డిసెంబరులో లాన్సెట్ దీనిని ప్రచురించింది. తరువాత ‘అంకుర్’ పేరిట మహారాష్ట్రలోనే మరో ఏడు చోట్ల వేరే సంస్థలు ఇదే పద్ధతిని చేసి చూపాయి. కనుక ఇది ఒక జంట వైద్యుల వ్యక్తిగత మహిమ అనడానికి వీలు లేదు.

ఇక్కడ జామ్‌ఖేడ్‌కూ గడ్చిరోలికీ మధ్య ఒక తేడాను గుర్తించకపోతే అవగాహన ఏకపక్షం అవుతుంది. గడ్చిరోలి ఆరోగ్యదూత ఊరికి జవాబుదారు మాత్రమే కాదు. ఆమె రాసిన ప్రతి కాగితాన్నీ తనిఖీ చేసే పర్యవేక్షకులు క్రమం తప్పకుండా వచ్చేవారు. జననాలను, మరణాలను వేరే మార్గంలో కూడా నమోదు చేసి సరిచూసేవారు. ఆమెకు పనిని బట్టి ప్రతిఫలం ఉండేది. అంటే పై నుండి వచ్చే పర్యవేక్షణ స్వతహాగా చెడ్డది కాదు. అది ఏమి అడుగుతుంది అన్నదే ప్రశ్న. గడ్చిరోలి పర్యవేక్షకుడు అడిగినది ‘బిడ్డ ఎలా ఉంది?’ అని, ‘ఎన్ని కేసులు పంపావు?’ అని కాదు.

5. ఊరు దాటి దేశానికి

గ్రామ స్త్రీని దేశవ్యాప్త పథకంలోకి తెచ్చిన మార్గం సూటిగా సాగలేదు. 1975లో శ్రీవాస్తవ కమిటీ సమాజం నుండే ఆరోగ్య కార్యకర్తలను తయారు చేయాలని సూచించింది. 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకాన్ని ప్రారంభించింది. వెయ్యి మంది జనాభాకు ఒకరు, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. సంఖ్యలో, ఆశయంలో జామ్‌ఖేడ్ ఛాయలు కనిపిస్తాయి. కానీ ఎంపికైనవారిలో అత్యధికులు పురుషులు. పురిటి గది తలుపు వారికి తెరుచుకోదు. 50 రూపాయల గౌరవ వేతనం త్వరలోనే వేతనం కోసం ఆందోళనకు దారి తీసింది. పథకం పేరు రెండుసార్లు మారింది. పనిలో మార్పు రాలేదు.

2002లో ఛత్తీస్‌గఢ్ ప్రారంభించిన కార్యక్రమం వేరే దారి పట్టింది. అక్కడి కార్యకర్తను ‘మితానిన్’ అంటారు. ఛత్తీస్‌గఢీ సంప్రదాయంలో ఇద్దరు ఆడపిల్లలు ఒక తంతుతో జీవితాంతపు స్నేహబంధం కలుపుకొంటారు. ఆ బంధానికి పేరు అది. భాషాసాహిత్య విద్యార్థులకు ఈ పేర్ల తేడా ఆసక్తికరం. మరాఠీలో ‘ఆరోగ్యదూత’ అన్నప్పుడు ఆమె ఎక్కడినుండో కబురు తెచ్చే మనిషి. ‘మితానిన్’ అన్నప్పుడు కట్టుబడిన నేస్తం. 2005 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ తన కార్యకర్తకు ఇంగ్లీషులో పెట్టిన పేరులో చివరి పదం ‘యాక్టివిస్ట్’. హక్కుల కోసం నిలబడే మనిషి అని ఉద్దేశం. తెలుగులోకి వచ్చేసరికి ఆమె ‘ఆశా కార్యకర్త’ లేదా మరింత క్లుప్తంగా ‘ఆశా వర్కర్’ అయింది. ‘కార్యకర్త’ మంచి మాటే. పార్టీ కార్యకర్తకు, ప్రభుత్వం చెప్పిన పని చేసే మనిషికి ఒకే మాటగా చలామణి అవుతుంది. పని మిగిలింది, నిలబడడం మాటలోంచి తప్పుకొంది.

ఆశా వ్యవస్థ సాధించినది చిన్నది కాదు. దాదాపు పది లక్షల మంది స్త్రీలు దేశమంతటా ఇల్లిల్లూ తిరుగుతున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారికి సామూహికంగా గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. గడ్చిరోలి పద్ధతి కూడా 2011లో జాతీయ కార్యక్రమంగా వారి చేతికి వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు, ఇంట్లో పుడితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు ఆశా వెళ్లాలి. అన్నిటికీ కలిపి ప్రోత్సాహకం 250 రూపాయలు.

అయితే ఏది తరలి వచ్చింది, ఏది రాలేదు? సందర్శనల పట్టిక వచ్చింది. తూచే త్రాసు, థర్మామీటరు వచ్చాయి. సూది రాలేదు. జాతీయ కార్యక్రమంలో ఇంజెక్షన్ బాధ్యతను ఎ.ఎన్.ఎం.కు ఇచ్చారు. ఇందుకు న్యాయపరమైన, భద్రతాపరమైన కారణాలు ఉన్నాయి. వాటిని తేలికగా కొట్టిపారేయలేము. కానీ 16.6 శాతాన్ని 2.8 శాతం చేసిన సాధనాలలో సూది ముఖ్యమైనది. అదేవిధంగా వారపు కలయిక రాలేదు. ఆశా తొలి శిక్షణ మొదటి ఏడాదిలో ఐదు విడతలుగా 23 రోజులు అని నిర్ణయమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగే సమావేశాలలో ఎక్కువ సమయం రిజిస్టర్లకు, లక్ష్యాలకు, రాని బిల్లుల గోడుకు సరిపోతుందని ఆ సమావేశాలు చూసినవారికి తెలుసు. తన ఊరి అత్తగారు ఏమన్నదో చెప్పుకొని, పక్క ఊరి ఆశా సలహా వినే చోటు ఆమెకు లేదు.

6. జీతం లేని సేవ

ఇంతవరకు చెప్పినది చదివి జామ్‌ఖేడ్‌ను ఆదర్శంగా, ఆశా వ్యవస్థను దాని పతనంగా భావిస్తే పొరపాటు. జామ్‌ఖేడ్ నమూనాలో ఒక చిక్కు ఉంది. అక్కడి కార్యకర్తలకు తొలి రోజులలో నామమాత్రపు గౌరవ వేతనం ఉండేది. తరువాత ప్రాజెక్టు వారికి చిన్న వ్యాపారాలకు, పశువులకు రుణాలు ఇప్పించి సొంత సంపాదనకు తోడ్పడింది. ఆరోగ్య సేవ మాత్రం సేవగానే ఉండాలని భావించింది. జీతం ఇస్తే ఆమె ఊరికి కాక జీతం ఇచ్చేవారికి జవాబుదారు అవుతుందన్నది వాదన. అందులో పస ఉంది. కానీ భూమి లేని దళిత స్త్రీ శ్రమ ఉచితంగా ఉండడం వల్లనే పవిత్రమవుతుందని అనగలమా? ఆ వాదన చేసిన వైద్యులకు వారి చదువు ఇచ్చిన భద్రత ఉంది. ఆమెకు లేదు. ఆమె పొందిన గౌరవం, భయం వదిలి సభలో మాట్లాడగలిగిన ధైర్యం అమూల్యమైనవే. అయినా గౌరవం కిరాణా కొట్లో చెల్లదు.

మన రాష్ట్రాల ఆశా కార్యకర్తలు ఈ ప్రశ్నను గ్రంథాలలో కాక రోడ్ల మీద లేవనెత్తారు. 2015లో తెలంగాణలో వారు నెలల తరబడి సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వారి గౌరవ వేతనం 10,000 రూపాయలకు పెరిగింది. పేరు ఇంకా గౌరవ వేతనమే. రోజంతా పని, నెలవారీ చెల్లింపు, పై అధికారి, క్రమశిక్షణ చర్య అన్నీ ఉన్నప్పుడు ఆమెను స్వచ్ఛంద సేవకురాలు అనడం ఒక భాషా వ్యూహం మాత్రమే. జీతం ఆమెను ఊరికి దూరం చేస్తుందన్న భయానికి గడ్చిరోలి అనుభవంలో కొంత సమాధానం ఉంది: ప్రతిఫలం అక్కడా ఉంది. దూరం చేసేది డబ్బు కాదు, డబ్బు దేనికి ముడిపడి ఉన్నది అన్న విషయం.

7. లెక్కలోకి రాని మరణం

2001లో మహారాష్ట్రలోని పలు స్వచ్ఛంద సంస్థలు సెర్చ్‌తో కలిసి ‘కోవళీ పానగళ్’ అనే నివేదికను వెలువరించాయి. లేతాకులు రాలిపోవడం అని ఆ మరాఠీ మాటలకు అర్థం. గ్రామాలలో, అడవులలో, పట్టణ మురికివాడలలో ఇంటింటి నుండి సేకరించిన పిల్లల మరణాల లెక్కకూ ప్రభుత్వ రిజిస్టర్లలోని లెక్కకూ పొంతన లేదని, రిజిస్టర్లలో చాలా మరణాలు కనిపించవని అది చూపింది. రాష్ట్రంలో పెద్ద దుమారం రేగింది. నమోదు చేసే ఉద్యోగి ఎవరినీ మోసం చేయాలని అనుకొని ఉండనవసరం లేదు. మరణం రాస్తే సంజాయిషీ అడుగుతారు, రాయకపోతే అడగరు. ఊరికి జవాబుదారు అయిన మనిషికి బిడ్డ మరణాన్ని దాచే అవకాశం లేదు. ఊరంతటికీ అది తెలుసు. పై కార్యాలయానికి మాత్రమే జవాబుదారు అయిన మనిషికి ఆ అవకాశం ఉంది.

గ్రామీణ ఆరోగ్యంపై పరిశోధన చేయదలచిన తెలుగు విద్యార్థులకు ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది. ప్రాణహితకు ఇరువైపులా ఉన్న తెలుగు, గోండు పల్లెలలో ఆశా పని చేసిన అనుభవాన్ని నమోదు చేయవచ్చు. జబ్బులకు, పురిటికి, పసికందు లక్షణాలకు ఆ పల్లెల వాడుకలో ఉన్న పేర్లను సేకరించవచ్చు. ఆ పేర్లు తెలియకుండా ప్రమాద చిహ్నాల కరపత్రం ఎవరి కోసం అచ్చు వేసినట్లు? ఆశా కార్యకర్తల సమ్మె పాటలు, కరపత్రాలు, వారి సొంత కథనాలు శ్రమ చరిత్రకు ఆకరాలు. అన్నిటికంటే ముందు వారు నింపే ఫారాలను చదవాలి.

అలాంటి ఫారం ఒకటి నవజాత శిశువు ఇంటి సందర్శనలది. 2011 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం 250 రూపాయలు చెల్లించడానికి కొన్ని షరతులు ఉన్నాయి. బిడ్డ బరువు కార్డులో నమోదై ఉండాలి. టీకాలు వేసి ఉండాలి. జననం నమోదై ఉండాలి. చివరి షరతు: 42వ రోజున తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఉండాలి. మూడవ రోజు వెళ్లి, ఏడవ రోజు వెళ్లి, బిడ్డ ఒళ్లు చల్లబడిందని గుర్తించి, చీకట్లో ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకువెళ్లిన ఆశాకు, ఆ బిడ్డ పన్నెండవ రోజున చనిపోతే, ఆ షరతు ప్రకారం ఈ ఫారం కింద రావలసినది ఏమీ లేదు.